బొంత కుట్టే ముందు బట్టలు ఏరుకోవడం గురించి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మూడు సంచుల పాత బట్టలు పోగయ్యాయనీ, మీ ఆడపడుచు బిడ్డకి ఒక చిన్న బొంత, మీ మంచానికి ఒక పెద్ద బొంత కుట్టాలనుందనీ రాశావు. చాలా సంతోషం. ముందు చిన్నదే మొదలుపెట్టు. 40 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు బొంతకి 5 అంగుళాల చదరపు ముక్కలు 48 చాలు. మంచం బొంత 80కి 55 అనుకుంటే 176 ముక్కలు కావాలి. చిన్నదాంట్లో జరిగే తప్పులే పెద్దదాంట్లోనూ జరుగుతాయి, కాకపోతే దిద్దుకోవడానికి నాలుగింతలు విప్పాలి.

సంచులు నేలమీద గుమ్మరించి రంగులు చూస్తూ కూర్చోకు. ముందు చేత్తో తడిమి వేరుచెయ్యి. పలచని నూలు బట్టలు ఒక గుట్ట: నేత చీరలు, పంచెలు, రూబియా జాకెట్ ముక్కలు, లైనింగ్ పాప్లిన్. మధ్యరకం నూలు ఇంకో గుట్ట: చొక్కాలు, నైటీలు, దుప్పట్లు, లుంగీలు. జీన్స్, కర్టెన్లు, సోఫా బట్టల్లాంటి దళసరివి మూడోది. జార్జెట్, షిఫాన్, పాలిస్టర్, పట్టు, బనియన్ బట్ట నాలుగోది. నీ బొంతలకి మొదటి రెండు గుట్టలే పనికొస్తాయి. దళసరివి విడిగా పెట్టుకుని కాళ్ళపట్టాలకో, కింద వేసుకునే పరుపు గుడ్డకో వాడుకో. రంగు బాగుందని జీన్స్ ముక్క పక్కన చీర ముక్క అతికావంటే ఏడాది తిరక్కుండా జీన్స్ అంచున చీర ముక్క గీసినట్టు చిరుగుతుంది. బరువైన బట్ట ప్రతి ఉతుకులోనూ పలచని బట్టని లాగుతూనే ఉంటుంది. బనియన్ బట్ట సాగుతుంది, జార్జెట్ జారుతుంది. నూలు కుదించుకుపోయినా పాలిస్టర్ కుదించుకోదు గనక ఆ ముక్క ఉబ్బి సంచిలా నిలబడుతుంది.

నూలో కాదో తేలకపోతే బట్టలోంచి నాలుగు పోగులు లాగి, పట్టుకారుతో పట్టుకుని, నీళ్ళ గిన్నె మీద కాల్చి చూడు. నూలు కాగితంలా మండి, కాగితం వాసనే వచ్చి, మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కరిగి ముడుచుకుపోయి, చల్లారాక గట్టి పూసలా తగులుతుంది. వెంట్రుకలు కాలిన వాసనొస్తే పట్టు. మండుతూనే చివర గట్టి పూస కూడా మిగిలితే టెర్రికాటన్, అంటే నూలూ పాలిస్టరూ కలిపిన బట్ట. పడుగు (నిలువు) పోగూ పేక (అడ్డం) పోగూ విడివిడిగా కాల్చు. రెండూ ఒకటే అయి ఉండాలనేం లేదు.

ఇక అసలైన పరీక్ష, బట్టకి బలం ఉందో లేదో చూడటం. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటే అరిగిన చోట్లు జల్లెడలా కనిపిస్తాయి. కంటికి బాగున్న చోట కూడా చేత్తో చూడాలి. బట్టని రెండు చేతుల బొటనవేళ్ళ కింద పట్టుకుని, వేళ్ళ మధ్య ఒక అంగుళం జాగా వదిలి, రెండు వైపులకీ గట్టిగా ఒక్క గుంజు గుంజు. బలమున్న బట్ట ‘టప్’మని శబ్దం చేసి తిరిగి బిగుస్తుంది. జీవం పోయిన బట్ట చప్పుడు చెయ్యదు. పోగులు పక్కకి తప్పుకుని, వేళ్ళ కింద సన్నటి గీత పడుతుంది. పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి గుంజాలి. గీత పడ్డ బట్ట ఎంత ఇష్టమైన చీరదైనా పైన వెయ్యకు. మధ్య పొరలో పెట్టు, అక్కడ దాని మీద ఒరిపిడి ఉండదు.

చీరలో కుచ్చిళ్ళ కింది అంచు, నడుము దగ్గర దోపే చోటు ముందు పోతాయి. పమిట వైపు, లోపలి చెంగు వైపు చాలాకాలం గట్టిగా ఉంటాయి. చొక్కాకి వీపు భాగమే మంచి బట్ట. కాలరు, మోచేతులు, చంకలు వదిలెయ్యి. లుంగీలకీ దుప్పట్లకీ నడిమధ్య అరిగి పక్కలు మిగులుతాయి.

ఏరినవన్నీ వేడినీళ్ళలో ఉతకాలి, ఇంట్లోవైనా కొన్నవైనా. పాత బట్టలు కొన్నావంటే వాటిని ఇంట్లోకి తేకముందే డాబా మీద పెద్ద గిన్నెలో మరిగించు. మడతల్లో నల్లులు ఉంటే ఆ వేడికే చస్తాయి. కొత్త లైనింగ్ ముక్కలు మొదటి ఉతుకులో బాగా కుదించుకుంటాయి. ఉతక్కుండా పాత చీర పక్కన అతికితే బొంత ఉతికిన రోజున అవి ముడుచుకుని, పక్క ముక్కల్నీ లాగేస్తాయి.

ఎరుపు, మెరూన్, ముదురు నీలం, నలుపు విడిగా నానబెట్టు. తడిగా ఉన్నప్పుడే తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడు. మూడు ఉతుకులయ్యాక కూడా గుడ్డకి రంగు అంటితే ఆ బట్ట బొంతకి వద్దు. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు ఆగుతుందని అందరూ చెబుతారు. దాన్ని నమ్ముకోకు, వదిలే రంగు ఉప్పుకి ఆగదు. తెల్లటి పంచె ముక్క పక్కన ఒక్క మెరూన్ ముక్క చాలు, బొంతంతా పాడు చెయ్యడానికి.

ముక్కలు చాలకపోతే కొత్త బట్ట కొనకు. జాకెట్లు కుట్టే టైలర్ల దగ్గర చంకల కటింగులో, చేతుల కటింగులో మిగిలిన రూబియా, లైనింగ్ ముక్కలు సంచుల్లో పడుంటాయి. దసరా, సంక్రాంతి ముందు రెండు మూడు వారాలు గుట్టలే. ఖాళీ సంచీ ఇచ్చి, వారం తరవాత వస్తామని చెప్పి వస్తే నింపి పెడతారు. మన విశాఖ పూర్ణా మార్కెట్ వైపు దారాలకీ సూదులకీ ఎలాగూ వెళ్తావు, దారిలో అడుగు. పొందూరు ఖద్దరు పాత పంచె ఎవరింట్లోనైనా దొరికితే వదలకు. పసిబిడ్డ ఒంటికి అంతకన్నా మెత్తటి అడుగు పొర లేదు.

కొయ్యడానికి ముందు పలచని గంజి పెట్టి ఇస్త్రీ చెయ్యి. మెత్తబడిన పాత నూలు గంజి లేకుండా కత్తెర కింద జరిగిపోతుంది, చదరం వంకర పోతుంది. గంజి తరవాత ఉతుకులో పోతుంది. అయితే గంజి పెట్టిన ముక్కల్ని వానాకాలం సంచుల్లో దాచకు, బొద్దింకలు కొరుకుతాయి. వారంలో కుట్టగలిగినన్నే సిద్ధం చేసుకో.

అట్టముక్క మీద ఐదున్నర అంగుళాల చదరం కోసి (అర అంగుళం కుట్లలోకి పోతుంది), వెనక గరుకు కాగితం అంటించు, బట్ట మీద జరగదు. అట్ట అంచుని పడుగు పోగు వెంట పెట్టి గీసుకో. ముక్క మిగుల్చుకుందామని ఐమూలగా మాత్రం కొయ్యకు. ఐమూల అంచు చేతిలోనే సాగుతుంది, బొంత పక్కలు అలల్లా లేచిపోయేది అందుకే. అయిదున్నర రాని చిన్న ముక్కల్ని పారెయ్యకు. పాత లుంగీ గుడ్డని ఆరు అంగుళాల చదరాలుగా కోసి, దాని మీద ఒక పీలిక పరిచి, రెండోది బోర్లించి కుట్టి, తిప్పి నొక్కి, మూడోది కూడా అలాగే కుట్టుకుంటూ పో. నిండాక అట్ట పెట్టి అయిదున్నరకి కోసెయ్యి. వేలెడు పీలికలు కూడా ఇలా చెల్లిపోతాయి.

రంగుల గురించి ఎక్కువ ఆలోచించకు. లేతవి, మధ్యవి, ముదురువి అని మూడుగా చేసి, నేల మీద పరిచి, ఫోన్లో నలుపు తెలుపు ఫోటో తీసి చూడు. ముదురువి ఒకేచోట గుంపు కట్టకపోతే చాలు.

అతకడంలో ఒక్కటే కచ్చితంగా ఉండాలి. ప్రతి కుట్టుకీ పావు అంగుళం వదలాలి. అప్పుడే అయిదున్నర ముక్క అయిదవుతుంది. కుట్టు కుట్టుకీ అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పట్టావనుకో, ఒక్కో ముక్కకి రెండు పక్కలా కలిపి ఎనిమిదో వంతు పోతుంది. ఎనిమిది ముక్కల వరసలో అంగుళం, పదహారు ముక్కల వరసలో రెండంగుళాలు. ఒక వరస అలా, పక్క వరస ఇలా కుడితే రెండూ కలవవు. మిషన్ ప్లేటు మీద సూది నుంచి పావు అంగుళం కొలిచి టేపు ముక్క అంటించు, బట్ట అంచు దాన్ని ఆనుకుని నడవాలి. 14 నంబరు సూది, అంగుళానికి 12 కుట్లు. మరీ పాతబడి పోగులు విడిపోతున్న బట్టకి పావు చాలదు. దాన్ని ఆరు అంగుళాలకి కోసి అర అంగుళం వదులు.

మొదటి వరస వెనక కుట్టు మడతలన్నీ కుడివైపుకి, రెండో వరసవి ఎడమవైపుకి నొక్కు. రెండు వరసలూ ఎదురెదురుగా పెట్టి బొటనవేలితో తడిమితే, కుట్టు దగ్గర ఒక మడత పక్కన ఇంకో మడత మెట్టులా ఒదిగి ఆగుతుంది. ఆ ఆగిన చోట సూదితో గుచ్చి కుడితే నాలుగు ముక్కల మూలలు ఒక్క చుక్క దగ్గర కలుస్తాయి. ఒకవైపే నొక్కితే అక్కడ ఎత్తు లేచి, తరవాత చేతి సూది దిగదు. ఇస్త్రీ పెట్టెని ఎత్తి నొక్కాలి, ఈడిస్తే బట్ట సాగుతుంది.

ఇక పొరలు. మన విశాఖ చలికి పై అతుకు, మధ్యలో రెండు పాత చీర పొరలు, అడుగు పొర ఉంటే సరిపోతుంది. అరకు వైపు ఎవరికైనా పంపాలంటే మధ్యలో నాలుగు వెయ్యి. దూది పెట్టకు. కుట్లు దగ్గరగా లేకపోతే ఉండలు కడుతుంది, మన గాలిలో లోపల తడి ఆరదు. బూరుగు దూది అయితే ఉతకడానికే లేదు. చిన్న బొంతకి పొరకి 44కి 34 కావాలి, పైదానికంటే అన్ని పక్కలా రెండంగుళాలు ఎక్కువ. నాలుగు మీటర్ల పొడవు, 50 అంగుళాల పన్నా ఉన్న పంచె ఒక్కటి బాగుంటే నాలుగు పొరలొస్తాయి, నీకు మూడే కావాలి.

గచ్చు తుడిచి, ఫ్యాను ఆపి, అడుగు పొర బోర్లా పరిచి నాలుగు పక్కలా టేపు అంటించు. ముడత లేకుండా ఉండాలి, కానీ తంబూరా తీగలా లాగకు. లాగి బిగిస్తే టేపు తీశాక అది ముడుచుకుని పైదంతా ఉబ్బుతుంది. మిగతా పొరలు ఒక్కొక్కటే పరిచి, మధ్య నుంచి బయటికి అరచేత్తో నిమిరి, నాలుగంగుళాలకొక వరస చొప్పున కచ్చా కుట్టు వెయ్యి. మధ్యలో మొదలుపెట్టి అంచులకి పో. గుండుసూదులు, పిన్నీసులు పెట్టి వదిలెయ్యకు. సముద్రపు గాలికి త్వరగా తుప్పు పడతాయి, ఆ మరక బట్టలోంచి పోదు.

ఇక పొరలన్నిటినీ కలిపే చేతి కుట్టు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ తెగ ఆడవాళ్ళు కవంది, అంటే వాళ్ళ అతుకుల బొంత, కుట్టేటప్పుడు మూల దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. వాళ్ళు ముక్కల్ని కుడుతూ కుడుతూ పరుచుకుపోతారు గనక అది కుదురుతుంది. నీ పైపొర ముందే అతికేసి ఉంటుంది, అంచుల నుంచి వస్తే మిగులు బట్టంతా మధ్యలో గుట్టపడుతుంది. అందుకని కచ్చా కుట్టులాగే ఈ చేతి కుట్టూ మధ్య నుంచి బయటికే.

ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, మూడు తీసుకో. పొడవు 18 అంగుళాలు మించితే ముడులు పడి పీచు లేస్తుంది. వరసకీ వరసకీ ఒకటిన్నర అంగుళం, అంగుళానికి నాలుగు కుట్లు కనిపిస్తే చాలు. చిన్న కుట్లకంటే ఒకేలాంటి కుట్లు ముఖ్యం. ఎనిమిది మీటర్ల దారం చుట్టని మూడు పోగులుగా విడదీస్తే పదహారు మీటర్లు. చిన్న బొంతకి ఇరవై వరసలు, అంటే సుమారు పాతిక మీటర్లు, రెండు చుట్టలు కొనుక్కో. పది కుట్లకొకసారి బొంత తిరగేసి చూడు. అడుగున ముడత పడితే అప్పుడే విప్పడం సులువు. నడిమి వేలికి తొడుగు లేకుండా నాలుగు పొరలు కుట్టొద్దు.

అంచుకి రెండున్నర అంగుళాల వెడల్పు నూలు పట్టీ, బట్ట నిలువుగా కోసినది, మొత్తం నాలుగు మీటర్ల పొడవు కావాలి. సగానికి మడిచి పైన మిషన్ కుట్టు, వెనక చేతి హెమ్మింగు. చీర జరీ అంచు అందంగా ఉంటుంది గానీ బిడ్డ చర్మానికి గీసుకుంటుంది, వద్దు. గుండీలూ చమ్కీలూ కూడా వద్దు. ఏడాది లోపు బిడ్డకి బొంత కింద పరచడానికే గానీ పైన కప్పడానికి కాదని మీ ఆడపడుచుకి చెప్పు.

మొదటి ఉతుకులో పాత తెల్ల చేతిరుమాలు ఒకటి కూడా వెయ్యి. దానికి రంగు అంటితే ఇంకోసారి విడిగా ఉతుకు. ఒక తీగ మీదే వేలాడదీస్తే తడి బరువుకి కుట్లు సాగుతాయి, రెండు తీగల మీద పరిచినట్టు వేసి నీడలో ఆరబెట్టు. ప్లాస్టిక్ సంచిలో కాక పాత దిండుగలీబులో పెట్టి, రెండు నెలలకోసారి మడత మార్చు. తుపాన్ల నెలల్లో ప్లాస్టిక్ లోపల బూజు మచ్చలు పడతాయి. ఎండిన వేపాకు చాలు, పసిబిడ్డ గుడ్డల్లో కలరా ఉండలు వెయ్యకూడదు.

మంచం బొంతకి అడుగు పొర దగ్గర ఇంకో చిక్కుంది. చీర పన్నా 45 అంగుళాలే, నీకు 59 కావాలి. నడిమధ్య అతుకు వేస్తే మడిచే చోట అదే ముందు తెగుతుంది. ఒక నిండు పన్నా మధ్యలో ఉంచి, రెండు పక్కలా చెరో ఎనిమిది అంగుళాల పట్టీ కలుపు. చిన్నది పూర్తయ్యాక మీ మంచం పరుపు పొడవు, వెడల్పు, మందం కొలిచి రాయి. ఎన్ని వరసలు పడతాయో గీసి పంపిస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ