రెండో గ్రాఫిక్స్ కార్డు గేమ్‌ల పనిచేస్తలేదు, షాపాయన వాపస్ తీసుకుంటలేడు, కేసు అయితదా?

ప్రశ్న: సార్, మాది హన్మకొండ. నా పీసీల ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఉంది. గేమ్స్ ఇంకా స్పీడ్ రావాలంటె ఏం చెయ్యాలె అని హైదరాబాద్‌ల ఒక షాపుల అడిగిన. సేమ్ కార్డు ఇంకోటి ఏస్కో, రెండు కలిసి డబుల్ అయితయ్ అని 27 వేలకు కార్డు, దానికోసమని 7 వేలకు కొత్త పవర్ సప్లై అమ్మిండు. ఇంటికొచ్చి పెడితె గేమ్‌ల ఒక్క కార్డే నడుస్తుంది, రెండోది ఖాళీగ కూసుంటుంది. వాపస్ తీసుకో అంటె కార్డు మంచిగనే ఉంది, బిల్లు మీద అమ్మిన సరుకు వాపస్ లేదని రాసుంది చూస్కో అంటుండు. నేను పెండ్లి వీడియోలు కూడ ఎడిట్ చేస్త. కన్జ్యూమర్ కోర్టుకు పోవచ్చా?

జవాబు: పోవచ్చు తమ్మీ, కాని కార్డు ఖరాబుందని మాత్రం రాయకు. షాపాయన చెప్పింది నిజమే, కార్డు మంచిగనే ఉంది. ఖరాబని రాసినవనుకో, టెస్టింగుకు పోతది, ఏ ప్రాబ్లం లేదని కాయితం వస్తది, ఇగ ఆ ఒక్క కాయితంతోని నీ కేసు అయిపోతది. నువ్వు పట్టుకోవాల్సింది ఆయన నీకు చెప్పిన మాటను.

రెండు కార్డులు కలిసి ఒకే గేమును నడిపించేదాన్ని ఎన్విడియా వాళ్లు ఎస్ఎల్ఐ అంటరు గదా, అది 3060కి లేనే లేదు, రెండు కార్డులను కలిపే బ్రిడ్జి పెట్టే కనెక్టరే ఉండది. 30 సిరీస్ గేమింగ్ కార్డులల్ల 3090కి, 3090 టీఐకి మాత్రమే ఇచ్చిండ్రు, 40 సిరీస్‌కు వచ్చేసరికి మొత్తానికే తీసేసిండ్రు. పాత కార్డులకు కూడ 2021 జనవరి 1 నుంచి కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైల్స్, అంటె గేములకు రెండు కార్డులు కలిసి నడిచే సెట్టింగులు, ఇచ్చేది లేదని కంపెనీయే చెప్పింది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ ప్రింట్ తీసి ఫైల్ల పెట్టుకో, నీకు అదే పెద్ద సాక్ష్యం. అవతలి వకీలు ఏమంటడంటె, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌ల రెండర్ చేస్తె రెండు కార్డులు పనిచేస్తయ్ కదా అంటడు. నిజమే, చేస్తయ్. కాని నువ్వు అడిగింది గేమ్స్ గురించి, ఆయన డబుల్ అన్నది కూడ గేమ్సే.

ఇగ చట్టం సంగతి. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 16వ సెక్షన్ ఉంది, నాకైతే దీనికి అదే అసలైన సెక్షన్ అనిపిస్తది. నాకు ఫలానా పనికి కావాలె అని కొనేటాయన చెప్పి, అమ్మేటాయన తెలివి మీద భరోసా పెట్టి కొంటె, ఆ సరుకు ఆ పనికి పనికిరావాలె. కాని దాంట్లనే ఒక మెలిక ఉంది. నువ్వే పోయి "3060 ఒకటియ్యి" అని పేరు పెట్టి అడిగి తెచ్చుకుంటె ఈ షరతు వర్తించది. ఆయన రేపు పట్టుకునేది దీన్నే, పిలగాడే మాడల్ పేరు చెప్పిండు నేనిచ్చిన అంటడు. నువ్వు ఏం చెయ్యాలె అని అడిగినవ్, కార్డు ఆయన సెలెక్ట్ చేసిండు, ఇది రుజువైతె చాలు. దీనికి తోడు 2019 వినియోగదారుల చట్టంల, లేని పనితనం ఉన్నదని చెప్పి అమ్ముడు అన్యాయ వ్యాపార పద్ధతి కిందికి వస్తది, 2(47) సెక్షన్. బిల్లు మీది లైను చూసి భయపడకు, అబద్ధం చెప్పి అమ్మినోన్ని అది కాపాడది.

నోటి మాటనే కదా, సాక్ష్యం ఏడికెళ్లి తెస్త అంటవు. ఇప్పుడే వాట్సాప్ చెయ్యి, గరం కాకుండ, "అన్నా, రెండు కార్డులు కలిసి గేమ్స్ డబుల్ అయితయ్ అన్నరు కదా, ఒక్కటే నడుస్తుంది, నాకీ కార్డు వద్దు, వాపస్ తీసుకోండి" అని. ఆయన ఏం రాసినా నీకు పనికొస్తది, అట్ల అనలేదు అని రాయకపోతె ఇంకా మంచిది. వద్దని రాతల చెప్పుడు ఇంకో దానికి కూడ అవసరం, ఏమనకుండ వాడుకుంట కూసుంటె ఒప్పుకున్నట్టే లెక్క, అప్పుడు నష్టపరిహారం అడగొచ్చు గాని వాపస్ కొట్లాడుడు కష్టమైతది. కార్డు తీసి డబ్బాల పెట్టు, సీరియల్ స్టిక్కర్ పోనియ్యకు, ఎవరికీ అమ్మకు.

తర్వాత స్పీడ్ పోస్టుల 15 రోజుల నోటీసు, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కూడ కంప్లయింట్ పెట్టు, ఒక్కోసారి అక్కడనే తెగిపోతది. తెగకపోతె షాపు హైదరాబాద్‌ల ఉన్నా నువ్వు ఆడికి తిరుగుడు లేదు, వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం నువ్వు ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లనే వెయ్యొచ్చు, ఈ-జాగృతి అనే సర్కారు వెబ్‌సైట్‌ల ఆన్‌లైన్ కూడ. కొన్న రేటు 5 లక్షల లోపల ఉంటె ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, టైము రెండేండ్లు. కార్డు పైసలు, దానికోసమే కొన్న పవర్ సప్లై పైసలు, వడ్డీ, ఖర్చులు అడుగు. మానసిక వేదనకు 5 లక్షలు అని రాసేటోళ్లున్నరు, 34 వేల కేసుల అట్ల రాస్తె చూసేటోళ్లకు నవ్వొస్తది.

పెండ్లి వీడియోల సంగతి దాచకు, వ్యాపారానికి కొన్నడు కాబట్టి వినియోగదారుడే కాదని అవతలోళ్లు లేపుతరు. నువ్వు సొంతంగ బతుకుదెరువుకు చేసుకునే పని వ్యాపారం కిందికి రాదని చట్టమే చెప్తది. అసలు నువ్వు రెండో కార్డు కొన్నదే గేమ్స్ కోసం, అదే ఉన్నదున్నట్టు కంప్లయింట్‌ల రాయి.