ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కి ఏటా 80 వేలు: కొనేముందు చూడాల్సిన లెక్క

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా పాపకి పదేళ్లు. ఫ్రెంచ్ బుల్‌డాగ్ కావాలని ఏడాదిగా ఒకటే పోరు. అమ్మేవాళ్లు 80 వేలు చెప్తున్నారు, 24 నెలల ఈఎంఐ ఉందంటున్నారు. మా ఇద్దరి జీతాలు కలిపి చేతికి 92 వేలు వస్తాయి. ఇంటి లోన్ 28 వేలు, సిప్‌లు 10 వేలు, ఫీజులు, ఇంటి ఖర్చులు పోను నెలకు 14 వేలు మిగులుతాయి. అత్యవసర నిధి లక్షన్నర ఉంది. ఆడ కుక్కపిల్లను తీసుకుని రెండుసార్లు పిల్లలు పెట్టిస్తే పెట్టిన డబ్బు వెనక్కొస్తుందని మావారి ఆఫీసులో ఒకాయన చెప్పారు. తీసుకోవచ్చా?"

తీసుకోవచ్చమ్మా. కానీ అప్పు చేసి వద్దు, ఈ ఏడాది వద్దు. పిల్లల్ని అమ్మి సంపాదించే ఆలోచన మాత్రం ఇప్పుడే వదిలేయండి.

మీరు ధర గురించి అడిగారు. నేను ముక్కు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కుక్క మీద అయ్యే ఖర్చులో పెద్ద భాగం ఆ ముక్కు వల్లే వస్తుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ నుంచి లేసు అల్లే పనివాళ్లు ఫ్రాన్స్ వెళ్తూ చిన్న బుల్‌డాగ్‌లను వెంట తీసుకెళ్లారు. అక్కడ తయారైన జాతి ఇది. గబ్బిలం చెవులు, 12, 13 కిలోలు దాటని ఒళ్లు, చదును మొహం. ఆ మొహం కోసం తరతరాలుగా ఎంచి ఎంచి పెంచడంతో పుర్రె కురచైంది కానీ లోపలి కండ అంతే ఉండిపోయింది. ముక్కు రంధ్రాలు సన్నగా, అంగిలి వెనక మెత్తటి భాగం పొడుగ్గా ఉండి గాలికి అడ్డుపడతాయి. వీడియోల్లో అందరూ ముద్దుగా ఉందనే ఆ గురక చాలాసార్లు ఊపిరాడని చప్పుడే.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. వగర్చి వేడిని బయటకు పంపుకుంటుంది. వగర్చడమే కష్టమైన కుక్కకు విజయవాడ మే నెల ఎలా ఉంటుందో ఊహించండి. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, పాప బడికి వెళ్తుంది. మార్చి నుంచి జూన్ దాకా పగలంతా దానికి ఏసీ ఉండాలి. రోజుకు ఎనిమిది గంటలకు గంటకో యూనిట్ వేసుకున్నా నెలకు 240 యూనిట్లు. మీ ఇంటి వాడకం మీద ఇది పై శ్లాబులో పడుతుంది కాబట్టి నెలకు దాదాపు 2,000 అదనం. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా ముందే అనుకోవాలి. మీ అపార్ట్‌మెంట్ జనరేటర్ ఏసీని మోస్తుందో లేదో వాచ్‌మన్‌ని కాదు, అసోసియేషన్ వాళ్లనే అడగండి.

ఇప్పుడు నెల లెక్క వేద్దాం. ఇవి నేను బడ్జెట్ కోసం వేసే అంచనాలు, మీ ఊరి రేట్లతో సరిచూసుకోండి. తిండికి 3,500. టీకాలు, నులిపురుగుల మందు, గోమార్ల మందు, మామూలు డాక్టర్ ఫీజులు కలిపి ఏడాదికి 12 వేలు, అంటే నెలకు 1,000. మొహం మీది మడతల్లో తడి నిలిస్తే చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది కాబట్టి రోజూ తుడిచి ఆరబెట్టాలి. ఆ సామానుకి, చెవుల మందుకి, షాంపూకి 500. వేసవి ఏసీ ఖర్చును పన్నెండు నెలలకు పంచితే 700. మీరు ఊరెళ్లినప్పుడు ఎక్కడైనా ఉంచడానికి 1,000. మొత్తం 6,700. ఏడాదికి 80,400.

అంటే ఏటా మరో కుక్కపిల్లను కొన్నంత. ఈ జాతి సాధారణంగా పది, పన్నెండేళ్లు బతుకుతుంది. మీ పాప డిగ్రీ పూర్తయ్యేదాకా ఈ ఖర్చు మీ వెంటే ఉంటుంది.

దీనికి వైద్యనిధి కలపాలి. ముక్కు రంధ్రాలు వెడల్పు చేయడం, అంగిలి కత్తిరించడం లాంటి సర్జరీ అవసరం పడొచ్చు. వెన్నుపూసల మధ్య డిస్క్ జారడం, కంట్లో ఎర్రటి గ్రంథి బయటకు రావడం, చర్మం అలర్జీలు ఈ జాతిలో తరచూ చూసేవే. అందుకే లక్ష రూపాయలు చేరేదాకా నెలకు 2,500 విడిగా వేయమంటాను. మొత్తం 9,200 అయింది.

80 వేలు 14 శాతం వడ్డీకి 24 నెలలు తీసుకుంటే ఈఎంఐ సుమారు 3,840. వడ్డీయే 12 వేలు దాటుతుంది. 9,200కి ఈఎంఐ కలిపితే 13,040. మీకు మిగిలే 14 వేలల్లో చేతిలో వెయ్యి కూడా ఉండదు. ఆ నెల గీజర్ పాడైతే క్రెడిట్ కార్డు తీస్తారు. నా దగ్గరకొచ్చిన ఒక కుటుంబం సరిగ్గా ఇలాగే, కుక్క ఆపరేషన్ కోసం కూతురి చదువుకి దాచిన ఫండ్ యూనిట్లు అమ్ముకున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. ఆయాసపడుతున్న ప్రాణిని కళ్ల ముందు పెట్టుకుని ఎవరూ లెక్కలు చూడలేరు. అందుకే లెక్క ఇప్పుడే చూడమంటున్నాను.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారేమో. పెంపుడు కుక్కలకు పాలసీలు ఉన్నాయి, తీసుకుంటే చిన్నప్పుడే తీసుకోండి. కానీ వంశపారంపర్యంగా, పుట్టుకతో వచ్చే జబ్బులను మినహాయించారేమో సంతకానికి ముందు చదవండి. ఈ జాతికి పెద్ద ఖర్చులన్నీ ఆ మినహాయింపులోనే ఉండొచ్చు. మనుషుల ఆరోగ్య బీమాకి ఉన్నట్టు దీని ప్రీమియంకి పన్ను మినహాయింపు రాదు.

ఇక మీవారి ఆఫీసాయన మాట. ఈ జాతిలో పిల్లల తల పెద్దది, తల్లి నడుము సన్నం. ఎక్కువ శాతం కాన్పులు సిజేరియన్‌తోనే అవుతాయి. ఊపిరే సరిగా ఆడని కుక్కకు మత్తు ఇవ్వడమే ఒక ప్రమాదం. పుట్టేవి కొన్నే, అవన్నీ బతుకుతాయన్న హామీ లేదు. పైగా 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం పిల్లల్ని పెట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. వచ్చిన ఆదాయం పన్ను లెక్కలో చూపాలి. ఇంట్లో మనిషిలా తిరిగే దాని కడుపు కోసి తీసే డబ్బును నేను ఏ ప్లాన్‌లోనూ ఆదాయంగా రాయను.

మరి ఏం చేయాలి? ఈ నెల నుంచి కుక్క ఇంట్లో ఉన్నట్టే 9,200 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మిగిలిన 4,800 అత్యవసర నిధికి పంపండి. సిప్‌లతో కలిపి మీ నెల ఖర్చు 78 వేలు, లక్షన్నర నిధి రెండు నెలలకు కూడా రాదు, అది నాకు కుక్క కంటే పెద్ద టెన్షన్. పన్నెండు నెలలు ఒక్క వాయిదా తప్పకుండా వేయగలిగితే 1,10,400 చేతికొస్తుంది. 80 వేలు పెట్టి కొన్నా 30 వేలతో వైద్యనిధి మొదలవుతుంది, అత్యవసర నిధి రెండు లక్షలు దాటుతుంది. మధ్యలో మూడు నెలలు వేయలేకపోతే మీ ఇంటికి ఈ కుక్క ప్రస్తుతానికి భారమని అర్థం. అప్పుడు నాటు కుక్కపిల్లను తెచ్చుకోవడం గురించి పాపతో మాట్లాడండి. మన ఎండకు పుట్టిన ప్రాణి అది. దాని మీద అయ్యే ఖర్చు ఇందులో సగానికి మించదని నా అంచనా.

ఫ్రెంచ్ బుల్‌డాగ్ మంచి స్వభావం గల కుక్క. మనుషుల్ని అంటిపెట్టుకుని ఉంటుంది, అరుపు తక్కువ, అపార్ట్‌మెంట్‌లో ఒద్దికగా ఉంటుంది. 2022లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ రిజిస్ట్రేషన్లలో, 31 ఏళ్లుగా మొదటి స్థానంలో ఉన్న ల్యాబ్రడార్‌ను దాటిపోయింది. మీ పాప కోరిక అర్థం కానిది కాదు. తెస్తే పొద్దున్నే, చీకటి పడ్డాక మాత్రమే నడిపించండి, మెడకు పట్టా బదులు ఛాతీకి హార్నెస్ కట్టండి. బరువు పెరగనివ్వకండి, ప్రతి అదనపు కిలో ఊపిరి మీదే పడుతుంది. ఈత రాదు, కాలువల దగ్గర జాగ్రత్త. చాలా విమాన సంస్థలు చదును ముక్కు కుక్కల్ని కార్గోలో ఎక్కించుకోవు. రైల్లో ఫస్ట్ ఏసీ కూపే దొరక్కపోతే లగేజీ బోగీ పెట్టెలో పంపాలి, వేసవిలో ఆ పని ఎప్పుడూ చేయకండి.

కొనడానికి వెళ్లేటప్పుడు రంగు చూడకండి. నీలం, మెర్ల్ (లేత రంగు మీద ముదురు మచ్చలు) అని రెట్టింపు అడుగుతారు. మెర్ల్ రంగును అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణమే అనర్హతగా చెప్తుంది. తల్లి కుక్కను చూపించమనండి. బ్రిటన్‌లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ, కెన్నెల్ క్లబ్ కలిసి ఈ జాతుల ఊపిరికి గ్రేడింగ్ పెట్టాయి. అందులో కుక్కను మూడు నిమిషాలు జోరుగా నడిపించి, నడకకు ముందూ తర్వాతా శ్వాస వింటారు. ఆ డాక్టర్లలా మనకు తెలియకపోవచ్చు, అయినా తల్లిని మీ ముందు మూడు నిమిషాలు నడిపించమనండి. ముక్కు రంధ్రాలు గీతల్లా ఉన్నా, ఆగాక గరగరమంటూ ఊపిరి పీలుస్తున్నా, అసలు తల్లినే చూపించకపోయినా అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి. నవంబర్‌లో వెళ్తే మంచిది, పిల్లకు మొదటి ఎండాకాలం వచ్చేలోపు కాస్త ఒళ్లు చేస్తుంది, మీకూ ఏసీ ఏర్పాట్లకి నాలుగు నెలలు దొరుకుతాయి.