ఊరి బస్సు, పంచాయతీ పైసలు: ఎవరిని ఏమని అడగాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రెండే ఫిర్యాదులు: బస్సు రావడం లేదు, పంచాయతీలో డబ్బు లేదంటున్నారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఊరికి రోజూ మూడుసార్లు వచ్చిపోయే పల్లెవెలుగు బస్సును ఆర్నెల్ల కిందట ఆపేశారు. డిపోలో అడిగితే ‘నష్టం’ అన్నారు. ఊరంతా సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చినా ఉలుకూ పలుకూ లేదు. ఆర్టీసీ ప్రభుత్వంలో కలిసిపోయాక కూడా నష్టమని చెప్పి ఆపొచ్చా?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందుగా ఒక అపోహ. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వంలోకి వచ్చింది ఆర్టీసీ ఉద్యోగులు. ప్రజా రవాణా శాఖ పేరిట వాళ్ల జీతాలు ఖజానా నుంచి వెళ్తున్నాయి. బస్సులు, డిపోలు, స్థలాలు మాత్రం ఇప్పటికీ కార్పొరేషన్‌వే. ఆ కార్పొరేషన్ 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కిందే నడుస్తోంది. ఆ చట్టంలో 18వ సెక్షన్ సరిపడినన్ని బస్సులు, సమర్థంగా, సమన్వయంతో నడపాలంటుంది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. డిపో మీకు రెండోది చెబుతుంది, మీరు మొదటిది ఎత్తి చూపాలి. అయితే వాదనతో బస్సు రాదు, లెక్కతో వస్తుంది.

నష్టమంటే ఏమిటో అడగండి. డిపోలో ప్రతి సర్వీసుకూ కిలోమీటరుకు వచ్చిన ఆదాయం, అంటే ఈపీకే, కట్టి ఉంటుంది. నిండిన సీట్ల శాతం ఓఆర్. సాధారణంగా ఈ రెండిటినీ రోజు మొత్తానికి సగటు తీసి చూపిస్తారు, మోసం జరిగేది అక్కడే. ఉదాహరణకు మీ ఊరు డిపోకు 20 కిలోమీటర్లు అనుకుందాం. మూడు ట్రిప్పులు పోనూ రానూ 120 కిలోమీటర్లు. కాలేజీ పిల్లలుండే పొద్దుటి ట్రిప్పుకు 1,800 రూపాయలు, సాయంత్రం దానికి 1,600, మిట్టమధ్యాహ్నం దానికి 500 వచ్చాయనుకోండి. మొత్తం 3,900, కిలోమీటరుకు 32 రూపాయల 50 పైసలు. మధ్యాహ్నం ట్రిప్పు తీసేస్తే 80 కిలోమీటర్లకు 3,400, అంటే కిలోమీటరుకు 42 రూపాయల 50 పైసలు. ‘మూడూ ఇవ్వండి’ అనే అర్జీ చెత్తబుట్టకు పోతుంది. ‘పొద్దున, సాయంత్రం ట్రిప్పులు ఇవ్వండి, మధ్యాహ్నం వద్దు’ అంటే డిపో మేనేజరు కనీసం కాగితం మీద లెక్క వేసి చూడాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాక పల్లెవెలుగులో ఆడవాళ్లు డబ్బు ఇవ్వరు గానీ సున్నా టికెట్ తీసుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి కింద ఇదే పద్ధతి. కండక్టరు చేతిలోని టికెట్ మిషన్ (టిమ్)లో కొట్టిన ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు తిరిగి చెల్లిస్తుంది. రద్దీలో కండక్టరు ‘ఫర్వాలేదమ్మా, కూర్చో’ అని టికెట్ కొట్టకపోతే, లేదా దగ్గర స్టాపే కదా అని మనమే తీసుకోకపోతే, నిండా జనంతో వెళ్లిన బస్సు రికార్డులో ఖాళీగా కనిపిస్తుంది. రేపు సర్వీసు తీసేటప్పుడు చూపించేది ఆ రికార్డునే. కాబట్టి ఊళ్లో ఆడవాళ్లందరికీ ఈ మాట చెప్పండి, టికెట్ అడిగి మరీ తీసుకోవాలి.

ఇక సమాచార హక్కు దరఖాస్తు. ‘మా బస్సు ఎందుకు ఆపారు?’ అని రాస్తే ‘నష్టాల వల్ల’ అని ఒక్క ముక్క రాసి పంపిస్తారు. రికార్డును పేరు పెట్టి అడగండి. ఆ రూటులో సర్వీసు ఆపేముందు 12 నెలలకు ట్రిప్పువారీ కిలోమీటర్లు, ఆదాయం, ఓఆర్, సున్నా టికెట్ల సంఖ్య విడిగా. అదే కాలానికి నడపాల్సిన కిలోమీటర్లు, నడిపినవి, రద్దయినవి, ప్రతి రద్దుకూ రాసుకున్న కారణం. సర్వీసు ఆపిన ఉత్తర్వు, దాని వెనుక నోట్ ఫైలు, అంటే అధికారులు రాసుకున్న అభిప్రాయాలు. ఆ బస్సును ఇప్పుడు ఏ రూటులో తిప్పుతున్నారన్నది. ఈ నాలుగూ చాలు. రద్దు కారణాల దగ్గరే అసలు విషయం బయటపడుతుంది. డ్రైవరు లేక, బస్సు రిపేరులో ఉండి రద్దయిన ట్రిప్పులే ఎక్కువైతే అది మీ ఊరి నష్టం కాదు, డిపోలో మనుషుల కొరత. పొద్దున వచ్చి సాయంత్రం రాని బస్సును ఎవరూ నమ్ముకోరు, నెల తిరిగేసరికి జనం ఆటోలకు అలవాటుపడతారు, ఓఆర్ దానంతటదే పడిపోతుంది. దరఖాస్తు చివర్లో, ఈ నిర్ణయం వల్ల నష్టపోయిన వాళ్లం కాబట్టి సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం కారణాలు తెలపాలని ఒక వాక్యం చేర్చండి.

ఆ కాగితాలు చేతికొచ్చాకే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు వెళ్లండి. 1100కు ఫోన్ చేసినా నమోదవుతుంది. అర్జీ నంబరు తప్పక తీసుకోండి. ‘సంబంధిత అధికారికి పంపాము’ అని రాసి అర్జీ మూసేస్తే అది పరిష్కారం కాదు, తిరిగి తెరిపించాలి.

డిపోను ఒప్పించడానికి ఊరు ఇవ్వగలిగింది కూడా ఒకటుంది. బస్సు రాత్రి మీ ఊళ్లోనే ఆగితే పొద్దున్నే డిపో నుంచి ఖాళీగా రావాల్సిన పని తప్పుతుంది. నైట్ హాల్ట్‌కు డిపోలు వెనకాడేది డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి గది, మరుగుదొడ్డి లేక, రాత్రిపూట డీజిల్ పోతుందన్న భయంతో. తలుపు, ఫ్యాను, నీళ్లు, లైటు ఉన్న గది, వీధిదీపం కింద బస్సు పెట్టే చోటు చూపిస్తామని పంచాయతీ తీర్మానం ఇస్తే మాట బరువు మారుతుంది.

ప్రశ్న: రోడ్డు బాగుంటేనే బస్సు వేస్తామని డిపో. బస్సే రాని రోడ్డుకు నిధులెందుకని ఇంజినీర్లు. మధ్యలో మేము.
– నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి ఇద్దరు పాఠకులు

జవాబు: రోడ్డు ఎవరిదో తేల్చకుండా ఎవరికి రాసినా వృథా. రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)దా, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖదా, ఊరి లోపలి పంచాయతీ రోడ్డా? రోడ్డు మొదట్లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన బోర్డు ఉంటే పూర్తయిన తేదీ చూడండి. అప్పటినుంచి ఐదేళ్లు గుంతలు పూడ్చడం, అంచులు సరిచేయడం కాంట్రాక్టరు బాధ్యతే, కొత్త నిధులు అక్కర్లేదు. ‘మేరీ సడక్’ యాప్‌లో ఫొటో పెట్టి ఫిర్యాదు చేయొచ్చు. ఐదేళ్లు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి గడువు దగ్గర పడుతుంటే ఆలస్యం చేయకండి.

డిపోను ఒకే ఒక్క కాగితం అడగండి: రోడ్డు బాగాలేదని వాళ్లు ఇంజినీరింగ్ శాఖకు రాసిన లేఖ. చాలాసార్లు అలాంటి లేఖే ఉండదు. లేఖ ఉంటే, డిపో అధికారి, ఇంజినీరింగ్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కలిసి రోడ్డు చూసి రాతపూర్వకంగా తేల్చాలని కోరండి. అలా చూసినప్పుడు తరచూ తేలేది ఏమిటంటే, రోడ్డంతా బాగుచేయాల్సిన అవసరం ఉండదు. ఒక కల్వర్టు దగ్గర అంచు కూలడం, మలుపులో ముళ్లచెట్లు, ఊరి చివర బస్సు తిప్పుకోవడానికి చోటు లేకపోవడం. చాలా గ్రామీణ రోడ్ల తారు వెడల్పు 3.75 మీటర్లే. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒక చక్రం మట్టిలోకి దిగాలి. పక్కనున్న మట్టి గట్టిగా లేకపోతే వానాకాలంలో డ్రైవర్లు ఆ రూటు ఒప్పుకోరు, అందులో వాళ్ల తప్పూ లేదు.

ప్రశ్న: బస్ షెల్టరు కట్టమంటే సర్పంచి ‘ఖాతాలో పైసా లేదు’ అంటాడు. ఆన్‌లైన్‌లో చూస్తే లక్షల్లో కనబడుతోంది. ఎవరిది నిజం?
– ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: ఇద్దరిదీ నిజం కావచ్చు. ఆ లక్షల్లో ఎంత దేనికి కట్టుబడి ఉందో చూడాలి. కేంద్రం పంచాయతీలకు ఇచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 2021-22 నుంచి 60 శాతం షరతులతో కూడినది: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాన నీటి సంరక్షణకు. మిగతా 40 శాతమే ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు చేసుకునేది, దాంట్లోంచి కూడా జీతాలివ్వకూడదు. అంటే ఖాతాలో 10 లక్షలుంటే షెల్టరుకు తాకగలిగింది నాలుగు లక్షల్లోంచే. ఇది 2025-26 వరకు లెక్క. 2026-27 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం, దానికి పాత 60-40 అంటగట్టకండి.

పంచాయతీల లెక్కలుండే ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం, పంచాయతీ, ఆర్థిక సంవత్సరం ఎంచుకుని మూడు చూడండి. మొదట వార్షిక ప్రణాళిక, అందులో లేని పనికి చెల్లింపు జరగదు. తర్వాత జమలు. ఆ తర్వాత ఓచర్లు: ఎవరికి, ఎంత, ఏ పనికి. ఒకే పేరున్న పంచాయతీలు పక్క మండలంలో ఉంటాయి కాబట్టి ఊరి కోడ్ సరిచూసుకోండి. పక్కూరి లెక్కతో సర్పంచిని నిలదీస్తే ఆ తర్వాత మీరేం చెప్పినా వినరు.

డబ్బుండీ కదలకపోవడానికి ఇంకో కారణం డిజిటల్ సంతకాలు. ఆన్‌లైన్ చెల్లింపుకు ఇద్దరి సంతకాలు నమోదై ఉండాలి. తెలంగాణలో పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది, మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. ఎన్నికైన పాలకవర్గం లేనిచోటికి కేంద్రం ఆర్థిక సంఘం గ్రాంటు ఇవ్వదు. కాబట్టి ఆ మధ్యకాలం లెక్క అడిగేటప్పుడు ‘కేంద్ర నిధులు ఏమయ్యాయి’ అంటే ‘రాలేదు’ అన్నది నిజమైన జవాబే. ఎన్నికలయ్యాక కొత్త సర్పంచి డిజిటల్ కీ ఎప్పుడు నమోదైంది అన్నది అసలు ప్రశ్న.

రాష్ట్రం దగ్గరే ఆగిందనుకుంటే దానికీ నియమముంది. కేంద్రం నుంచి వచ్చిన సొమ్మును 10 పనిదినాల్లో స్థానిక సంస్థలకు పంపాలి, ఆలస్యమైతే వడ్డీతో కలిపి. కేంద్రం విడుదల చేసిన తేదీ, మీ పంచాయతీలో జమ అయిన తేదీ పక్కపక్కన రాసుకుంటే చాలు. ఖాతాకు వచ్చాక వేరే పద్దుకు మళ్లడమూ జరుగుతుంది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిలకు సర్దుబాటు చేసినప్పుడు సర్పంచులు రోడ్డెక్కారు. వీధిదీపాల బిల్లు కట్టాల్సిందే, కాదనలేం. కానీ పంచాయతీ తీర్మానం లేకుండా కట్టడం వేరే సంగతి.

తెలంగాణ 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. షెల్టరు పేరు ప్రణాళికలోకి ఎక్కేది అక్కడే. మాట తీసుకుని వదిలేయకండి, తీర్మానాల పుస్తకంలో స్థలం, అంచనా, నిధి పద్దుతో సహా రాయించి నకలు తీసుకోండి. రోడ్డు ఆర్ అండ్ బీది అయితే దాని అంచున కట్టడానికి వాళ్ల అనుమతి కూడా కావాలి. అది లేక పునాదిలోనే ఆగిన షెల్టర్లు మీకూ తెలిసే ఉంటాయి.

ప్రశ్న: హైదరాబాద్ సిటీ బస్సుల నష్టాన్ని నగర పాలక సంస్థ జీహెచ్ఎంసీ భరించాలంటారు. చట్టంలో ఉందా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: 2019 ఆర్టీసీ సమ్మె కేసులో హైకోర్టు ముందు నలిగిన ప్రశ్నే ఇది. జీహెచ్ఎంసీ నుంచి రావాల్సిన బకాయిలున్నాయని ఆర్టీసీ వైపు వాదన. తప్పనిసరిగా కట్టాలని చట్టం చెప్పలేదు, స్థోమతను బట్టి ఇచ్చేదేనని జీహెచ్ఎంసీ వైపు వాదన. ‘ఇవ్వొచ్చు’ అన్న మాటను పట్టుకుని డబ్బు రాబట్టడం కష్టం. మీరు చేయగలిగింది ఏటా బడ్జెట్‌లో ఆ పద్దు కింద ఎంత పెట్టారు, ఎంత ఇచ్చారు అని అడగడం. బస్టాపుల సంగతి వేరు. రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ సంస్థల విషయాల కింద బస్టాపులు పేరుతో సహా ఉన్నాయి. షెల్టరు లేకపోతే ఆర్టీసీని కాదు, మున్సిపాలిటీని అడగాలి.

ప్రశ్న: సమాచార హక్కు దరఖాస్తుకు నెల దాటినా జవాబు లేదు. ఇప్పుడేం చేయాలి? – పలువురు

జవాబు: 30 రోజులు దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలి, పేజీకి రెండు రూపాయలు కూడా అడగకూడదు. గడువు ముగిసిన 30 రోజుల్లోపు అదే కార్యాలయంలో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. అధికారికి రోజుకు 250 చొప్పున 25 వేల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. ఫీజు గ్రామస్థాయిలో లేదు, మండల కార్యాలయంలో 5 రూపాయలు, ఆపైన 10. తప్పు కార్యాలయానికి పంపినా తిప్పి పంపకూడదు, ఐదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి. మొదటి దరఖాస్తు చేతికిచ్చి ముద్ర వేయించుకున్న నకలు, లేదా రిజిస్టరు పోస్టు రసీదు, అప్పీలుకు జత చేయండి. రోజులు లెక్కపెట్టేది దరఖాస్తు కార్యాలయానికి అందిన తేదీ నుంచే, దానికి ఆధారం లేకపోతే అప్పీలు అక్కడే ఆగుతుంది.