ఆమె పేరు స్వప్న కాదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. జీడితోటలో ముసలమ్మ రాలిన పిక్కలు ఒడిలో ఏరుకునే చోట కళ్లు చెమర్చాయి. కానీ పలాస దగ్గరి పల్లెలో ఉండే డెబ్భై ఏళ్ల మనిషికి ‘స్వప్న’ అని పేరు పెట్టావు. ఆ పేరు వచ్చినప్పుడల్లా ముసలమ్మ పక్కకి తప్పుకుని ఎవరో కాలేజీ అమ్మాయి నిలబడింది.

ఆ పేరు నీకు నచ్చిందని పెట్టకు. ఆమె పుట్టినప్పుడు ఆ ఇంట్లోవాళ్లు ఏమని పెట్టుకుని ఉంటారో ఆలోచించు. సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటే అప్పలమ్మ, విజయనగరం పైడితల్లికైతే పైడమ్మ. అదే కథ అహోబిలం చుట్టుపక్కల జరిగితే ఓబులమ్మ, పెంచలకోన వైపైతే పెంచలమ్మ, కొమురవెల్లి మల్లన్నని కొలిచే ఇంట్లో కొమురవ్వ. పుట్టిన బిడ్డలు దక్కకుండా పోతుంటే, ఈసారైనా బతకాలని పసిగుడ్డుని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసి పెంటమ్మ అని పిలుచుకున్నవాళ్లున్నారు. ఆ పేరు విని నవ్వేవాళ్లని చూశాను. నాకైతే ఆమెకి ముందు పుట్టి పోయిన పిల్లలు గుర్తొస్తారు.

పేరు దొరికాక ఇంకో పని ఉంది. ఎవరు ఆమెని ఏమని పిలుస్తారు?

మా అన్నయ్యకి తాతగారి పేరే పెట్టారు. మామగారి పేరు అమ్మ నోట రాకూడదు. ఆ పేరుతో కొడుకుని పిలవలేదు, తిట్టనూ లేదు. అందుకే వాడు అమ్మకి ఎప్పుడూ ‘పెద్దబ్బాయే’. తాతగారు పోయిన ఇరవై ఏళ్లకి అన్నయ్యని ఆస్పత్రిలో చేర్చాం. కౌంటర్ దగ్గర ఫారం నింపుతూ పేషెంటు పేరేంటమ్మా అని అడిగారు. అంత టెన్షన్‌లోనూ అమ్మ నోరు తెరవలేదు. నా భుజం పట్టుకుని, ‘నువ్వు చెప్పు’ అంది. అమ్మ గురించి పది పేజీలు రాసినా ఆ ఒక్క మాటంత చెప్పలేను.

ఇంటిపేరు అవసరమైతేనే రాయి. మన దగ్గర ఇంటిపేరు చూడగానే చాలామంది కులం వెతుకుతారు. దుర్మార్గుడికి తోచిన ఇంటిపేరు తగిలించావంటే, ఆ చెడ్డతనం వాడొక్కడిదే అని నువ్వు ఎంత చెప్పినా వినరు. అలాగే ఒకే కథలో రమణ, రమేష్, రామారావు వద్దు, చదివేవాళ్లు తికమకపడతారు.

ఇంట్లో పాత శుభలేఖలుంటే పారేయనివ్వకు. ఒక్క కార్డులోనే తాత వెంకటసుబ్బయ్య, తండ్రి సుబ్బారావు, పెళ్లికొడుకు సాయితేజ ఉంటారు. మూడు తరాలు ఎలా మారాయో అక్కడే కనిపిస్తుంది.

మీ అమ్మమ్మది పలాస వైపేనన్నావు కదా. ఆవిడతో పాటు కూలికి వెళ్లినవాళ్ల పేర్లు అడుగు. వాళ్లని మొగుళ్లు ఏమని కేకేసేవారో కూడా అడుగు. ముసలమ్మ పేరు దొరికాక కథ మళ్లీ పంపు, ఎదురుచూస్తుంటాను.