నీల్ దీవిలో కారు లేకుండా తిరగాలంటే

విశాఖపట్నం

చి. సౌ. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

అండమాన్‌లోని నీల్‌లో అద్దె కారు లేకుండా అత్తగారిని వెంటబెట్టుకుని ఎలా తిరగాలని అడిగావు. ఆ దిగులు పెట్టుకోకు. ఈ కొస నుంచి ఆ కొసకి ఆ దీవి 5 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ, అంతే. ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు దాకా వెళ్ళినంత. అక్కడ బండి దొరకడం కష్టం కాదు, వేళ తప్పకుండా ఉండడమే కష్టం.

ముందు పేర్లు చూసుకో. 2018 నుంచి నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ, పక్క దీవి హేవ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ అంటున్నారు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. ఫెర్రీ టికెట్ తీసేటప్పుడు పాత పేరు కనబడక కంగారుపడతావు.

గది బజారుకి దగ్గర్లో తీసుకో. జెట్టీ, భరత్‌పూర్ బీచ్, హోటళ్ళు, సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్లు అన్నీ ఆ చుట్టుపక్కలే. సముద్రం ఎదురుగా ఉందని దూరంగా తీసుకుంటే పూటపూటా భోజనానికి ఆటో పిలవాలి. సామాను భుజాన వేసుకోగలిగేంతే ఉండనీ. ఆ జెట్టీ పొడవు, చక్రాల పెట్టెని దాని మీద లాక్కెళ్ళడం చికాకు.

నువ్వూ అల్లుడూ సైకిళ్ళు తీసుకోండి, రోడ్డు చాలామటుకు చదునే. డబ్బు ఇచ్చే ముందు రెండు బ్రేకులూ నొక్కి, బండిని ముందుకు తోసి చూడండి. పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు కొంచెమే వంగాలి, అలా సీటు ఎత్తించుకోండి. సీటు పల్లంగా ఉంటే రెండో కిలోమీటరుకే మోకాళ్ళు పట్టేస్తాయి. పెడల్ వెనక్కి తిప్పి గొలుసు చూడండి. ఉప్పుగాలికి తుప్పు పట్టి కిర్రుమంటుంటే అక్కడే నూనె వేయించుకోండి. ఇసుకలోకి మాత్రం తొక్కుకు పోవద్దు. నూనె గొలుసుకి ఇసుక అంటుకుంటే పళ్ళ మీంచి జారిపోతూ ఉంటుంది. రోడ్డు పక్కనే తాళం వేసి నడిచి వెళ్ళండి.

వదినగారికి ఆటో. ఎక్కకముందే పోనూ రానూ ఎంతో, అక్కడ ఎంతసేపు ఆగుతాడో రెండూ మాట్లాడుకో. సీతాపూర్ బీచ్ అవతలి కొసన ఉంది. సూర్యోదయం చూడాలని తెల్లవారుజామున వెళ్తే, అక్కడ దించి వెళ్ళిపోతే తిరుగు బండి కోసం రోడ్డు మీద నిలబడాలి. ముందురోజు సాయంత్రమే ఒకతన్ని కుదుర్చుకుని నంబరు తీసుకో. బజారు దాటితే సిగ్నల్ సరిగ్గా అందకపోవచ్చు. ఫోన్ చెల్లింపుల మీద ఆధారపడకుండా చిల్లర నోట్లు దగ్గర పెట్టుకో.

ఇక అసలు సంగతి. అండమాన్ మనకి 9 డిగ్రీలకి పైగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. అందుకని డిసెంబరులో సాయంత్రం 5కే పొద్దుగూకుతుంది. సూర్యాస్తమయం చూసేది లక్ష్మణ్‌పూర్ బీచ్‌లో; ఇక్కడి అలవాటున 5కి బయల్దేరితే అక్కడ చూసేది చీకటే. మధ్యాహ్నం భోజనం 12:30కల్లా ముగించి, 4కి అక్కడుండండి. తిరిగొచ్చే దారిలో దీపాలు తక్కువ, సైకిలుకొక టార్చి ఉండాలి.

సముద్రం ఒడ్డునున్న సహజ రాతి వంతెన దగ్గరికి పాటు వేళే, అంటే నీళ్ళు వెనక్కి తీసినప్పుడే, వెళ్ళాలి. పోటులో ఆ రాళ్ళ మీద నీళ్ళుంటాయి, దారి ఉండదు. రోజుకి రెండుసార్లు పాటు వస్తుంది, మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే ఇవాళ ఉదయం 9కి వెళ్ళొచ్చిన వాళ్ళ మాట పట్టుకుని నాలుగు రోజుల తర్వాత అదే వేళకి వెళ్తే నీళ్ళు ఇంకా దిగి ఉండవు. పాటు అడుగంటడానికి గంట ముందు దిగితే, నీళ్ళు తీస్తుండగా వెళ్ళి, మళ్ళీ ఎక్కేలోపు తీరిగ్గా రావచ్చు. అమావాస్యకీ పున్నానికీ నీళ్ళు ఎక్కువ దూరం తీస్తాయి, తిరిగి ఎక్కడం కూడా వడిగానే ఉంటుంది. రాళ్ళు నాచుపట్టి జారతాయి, మడమకి పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. గుంటల్లో చేపలుంటాయి, చూడండి గానీ పగడాల మీద కాలు పెట్టకండి, అవి ప్రాణమున్నవి. వదినగారిని రాళ్ళ మీదికి రమ్మని బలవంతపెట్టకు, గట్టున కూర్చోబెట్టండి.

హేవ్‌లాక్ లెక్క వేరు. రాధానగర్ బీచ్ జెట్టీకి 10 కిలోమీటర్ల పైమాటే, దారిలో ఎత్తుపల్లాలున్నాయి, సైకిలు వద్దు. జెట్టీ నుంచి ప్రభుత్వ బస్సుంది. దిగగానే చివరి బస్సు ఎన్నింటికో డ్రైవర్నే అడుగు, అది తప్పితే ఆటో వాడు చెప్పిందే రేటు.

విమానానికి ముందురాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండండి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఫెర్రీలు ఆపేస్తారు, దీవిలో ఇరుక్కుంటే వేరే దారి లేదు. గవ్వలూ పగడపు ముక్కలూ సంచిలో వేసుకోకండి, విమానాశ్రయంలో తీయిస్తారు.

తేదీలు ఖాయమవగానే రాయి. ఆ రోజుల్లో పాటు వచ్చే వేళలు చూసి పంపిస్తాను, దాన్నిబట్టి వంతెన ఏ రోజో, సీతాపూర్ ఏ రోజో పెట్టుకోవచ్చు.

మీ పెద్దమ్మ