సెల్ఫ్ కొట్టకముందే
పాత ట్రాక్టర్లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా నాయన కొన్న మాసీ 1035 ఎనిమిదేళ్లుగా కొట్టంలోనే ఉంది. ఇంజిన్ జామైంది. ఇంకో ట్రాక్టర్‌కు కట్టి, గేర్లో వేసి గుంజితే విడిపోతుందంటున్నారు. గుంజవచ్చా?
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: గుంజకండి. నిలబడి పాడైన బండ్ల కన్నా తొందరపడి తిప్పితే పాడైనవే ఎక్కువ. వెనక చక్రాల బలం గేర్ల మీదుగా ఒక్కసారిగా ఇంజిన్ మీద పడుతుంది. పిస్టన్ కదలకపోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వాల్వు తుప్పుతో తెరుచుకునే ఉండిపోతే పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది. వెయ్యి రూపాయల పని కాస్తా పూర్తి ఓవరాలింగ్ అవుతుంది.

ముందు ఇంజిన్ ఆయిల్ దించండి. మొదట నీళ్లు వచ్చినా, ఆయిల్ పాలలా తెల్లగా ఉన్నా లోపలికి తడి చేరినట్టే. తర్వాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే మూడు ఇంజెక్టర్లూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో సగం డీజిల్, సగం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే) ఆయిల్ కలిపిన మిశ్రమం 50 మిల్లీలీటర్ల దాకా పోయండి. నాలుగైదు రోజులు ఆగండి, మధ్యమధ్యలో ఇంకాస్త పోయండి. ఆ తర్వాత స్టార్టర్ మోటార్ విప్పి, ఫ్లైవీల్ రింగు పళ్లకు గడ్డపార ఆనించి ముందుకూ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపండి. వేలెడంత కదిలినా గెలిచినట్టే, అక్కడి నుంచి ఓపికే మందు. వారం ఊపినా కదలకపోతే హెడ్ విప్పాల్సిందే.

తిరగడం మొదలుపెట్టాక కూడా ఇంజెక్టర్లు బిగించకండి. సిలిండర్లో మిగిలిన ఆయిల్‌కు బయటికి దారి లేకపోతే అది నలగదు, రాడ్డే వంగుతుంది. రాకర్ కవర్ తీసి రెండు చుట్లు చేత్తో తిప్పుతూ ఆరు వాల్వులూ లేచి దిగుతున్నాయో లేదో చూడండి. సైలెన్సర్ మీద డబ్బా బోర్లించని బండిలో వాన నీళ్లు నేరుగా ఎగ్జాస్ట్ వాల్వు దాకా దిగుతాయి. ఆ రోజు ఏ సిలిండర్ వాల్వు తెరిచి ఉందో అదే పట్టుకుంటుంది. దాన్ని వదిలించకుండా తిప్పితే పుష్ రాడ్ వంగుతుంది. అన్నీ కదిలాక ట్యాపెట్లు, అంటే వాల్వుకూ రాకర్‌కూ మధ్య సందు, సెట్ చేయండి. ఇది పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజిన్ నమూనా, చల్లగా ఉన్నప్పుడు ఆ సందు 12 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 12, అంటే 0.30 మిల్లీమీటర్లు) ఉండాలి.

ఇక డీజిల్ పంపు. సీఏవీ కంపెనీ డీపీఏ రకం పంపులో తిరిగే రోటర్‌కు డీజిలే నూనె. నీళ్లు చేరి తుప్పు పడితే అది జామవుతుంది. అప్పుడు సెల్ఫ్ కొడితే లోపలి సన్నటి డ్రైవ్ షాఫ్ట్ విరుగుతుంది. పంపు విప్పి చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే కొట్టకుండా, కాల్చకుండా పంపు బెంచి ఉన్న చోటికి తీసుకెళ్లండి. ట్యాంకులోని పాత డీజిల్ పారబోసి, గుప్పెడు చిన్న నట్లు వేసి ఊపి కడగండి. నట్లన్నీ లెక్కపెట్టి బయటికి తీయండి. ఫిల్టర్లు కొత్తవి వేయండి. డీజిల్ దారిలో చిక్కిన ఎయిర్ తీసేటప్పుడు ఈ వరుసలో వదులు చేయండి: ముందు ఫిల్టర్, తర్వాత పంపు పక్కన ఉన్న స్క్రూ, దాని పైన గవర్నర్ కవర్ మీది స్క్రూ, చివరికి ఇంజెక్టర్ పైపుల నట్లు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపు మీట పట్టకపోతే అది పాడైందనుకోకండి, క్యామ్ పైన ఆగి ఉంటుంది. ఇంజిన్ ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి పీల్చే మూతి పక్కన ఒక చెక్క పలక పట్టుకుని మనిషి నిలబడాలి. పంపులో డీజిల్ కొలిచి వదిలే మీటరింగ్ వాల్వు పాత డీజిల్ జిగటకు అంటుకుపోతే ఇంజిన్ ఒక్కసారిగా రేసవుతుంది, స్టాప్ గుంజినా ఆగదు. ఆ మూతికి పలక అడ్డం పెడితే ఆగుతుంది. గుడ్డ అడ్డం పెట్టకండి, లోపలికి పీల్చేస్తుంది.

ప్రశ్న: తాత కాలం నాటి ఎర్ర ట్రాక్టర్ మీద పేరు పలక ఊడిపోయింది. మాసీనో ఇంటర్నేషనలో ఎట్ల తెలుసుకోవాలె?
– జమ్మికుంట పాఠకుడు

జవాబు: రంగు నమ్మకండి, ఇంజెక్టర్లు లెక్కపెట్టండి. మూడుంటే మాసీ 35 వంశం కావచ్చు. టాఫే 1960లో మద్రాసులో మాసీ ఫెర్గూసన్‌తో కలిసి మొదలైంది. నాలుగుంటే బీ-275 కావచ్చు. 1963లో మహీంద్రా, అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కలిసి పెట్టిన కంపెనీది అది. రెండే ఉండి కొంచెం గట్టిగా అదురుతుంటే హెచ్‌ఎంటీ 2511 అయి ఉండొచ్చు. చెక్ జెటార్ నమూనా అది, 1971 నుంచి హర్యానాలోని పింజోర్‌లో తయారైంది. రేడియేటరే లేకుండా ఒకే సిలిండర్, దాని చుట్టూ రేకల్లాంటి ఫిన్నులు కనిపిస్తే పాత ఐషర్. 1959లో ఫరీదాబాద్ నుంచి వచ్చిన తొలి దేశీ ట్రాక్టర్ వంశం. మూడున్నా ఖాయం కాదు, ఫోర్డ్ 3000కూ మూడే. ఇంజిన్ బ్లాకు మీద పోతపోసిన అక్షరాలు తుడిచి చదివాకే విడిభాగాలు కొనండి.

ప్రశ్న: మాసీ 35 వెనక పనిముట్లు ఎత్తే లిఫ్ట్ అస్సలు లేవడం లేదు. పంపు మార్చాలంటున్నారు.
– పరకాల

జవాబు: ముందు పీటీఓ (ఇంజిన్ బలాన్ని వెనక పనిముట్లకు అందించే షాఫ్ట్) మీట చూడండి. ఈ బండిలో హైడ్రాలిక్ పంపు పీటీఓ షాఫ్ట్ మీదే తిరుగుతుంది. మీట న్యూట్రల్‌లో ఉంటే పంపు తిరగదు. దీనికోసం గేర్‌బాక్సు విప్పించుకున్నవాళ్లూ ఉన్నారు! అది సరిగ్గానే ఉంటే డిప్‌స్టిక్‌తో ఆయిల్ చూడండి, గేర్లకూ లిఫ్టుకూ ఒకటే ఆయిల్. ఇంజిన్ ఆపగానే కల్టివేటర్ దిగిపోతున్నా, లేపి ఉంచినప్పుడు తలూపుతున్నా లీకు పంపుది కాకపోవచ్చు. లిఫ్ట్ సిలిండర్ పిస్టన్ రింగులో, గొట్టాల దగ్గరి ఓ-రింగుల్లో ఉండొచ్చు. కరిగెటలో (దమ్ము చేసే నీటి మడిలో) తిరిగిన బండి ఆయిల్‌లో బురదనీళ్లు చేరితే కంట్రోల్ వాల్వు గీసుకుపోతుంది. ఆయిల్ తెల్లబడితే సీజన్ అయ్యేదాకా ఆగకుండా మార్చండి.

ప్రశ్న: కేజ్‌వీల్స్‌తో (బురదలో దిగే ఇనుప చక్రాలతో) కరిగెట దున్నాక ఎడమ బ్రేకు పట్టడం లేదు.
– జగిత్యాల

జవాబు: డ్రమ్ము విప్పండి. లైనర్లు నల్లగా జిడ్డుగా ఉంటే యాక్సిల్ సీలు పోయినట్టు. పెట్రోలుతో కడిగినా, కాల్చినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. సీలూ, లైనర్లూ రెండూ మార్చండి, లైనర్లు రెండు పక్కలా మార్చాలి. ఒక్క పక్కే మారిస్తే రోడ్డు మీద బండి గుంజుతుంది.

ప్రశ్న: పాత రంగు మొత్తం తీయించాలా?
– హన్మకొండ

జవాబు: తుప్పు ఉన్నచోటే తీయండి. సాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే ఛాసిస్, ఇంజిన్ నెంబర్ల మీద ముందే టేపు వేసి, మెకానిక్‌కు చూపించి చెప్పండి. అక్షరాలు అరిగితే ఆర్‌టీఓ దగ్గర ఆర్సీ పని నిలిచిపోతుంది. ఇంజిన్‌కు గ్రే రంగు వేసేటప్పుడు గ్రీజు నిపుల్స్ మూయండి. రంగు ఎండినా వాటిలో గ్రీజు పోవాలి కదా.