ప్రకటన అంటేనే మోసమా?

ప్రకటన స్వభావంలోనే మోసం ఉందా, నిజాయితీగా ప్రకటించడం సాధ్యమా అన్నది ప్రశ్న. సాధ్యమేనని నా నమ్మకం. అమ్మేవాడు తన సరుకు వైపే మాట్లాడతాడు. అది పక్షపాతమే గాని వంచన కాదు. నెల్లూరులో ఒక బియ్యం కొట్టు ముందు పలక మీద సుద్దముక్కతో "బీపీటీ, ఏడాది పాతవి, 25 కిలోలు" అని రాసి, కింద ధర వేసి, పక్కనే పళ్లెంలో గుప్పెడు గింజలు పోసి ఉంచారనుకోండి. అది ముమ్మాటికీ ప్రకటనే, అయినా గింజ కొరికి చూసి తేల్చుకోగల మాట. ఆ బస్తాలో కొత్త బియ్యం కలిపి ఊరుకుంటే మాత్రం, ఒక్క అక్షరం మారకుండానే ఆ పలక అబద్ధమవుతుంది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ సూక్ష్మాన్ని సరిగ్గా పట్టుకుంది: తప్పుడు వర్ణననే కాక, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడాన్ని కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనగానే నిర్వచించి, 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానాకు వీలు కల్పించింది. "అమోఘమైన రుచి" వంటి పొగడ్తను ఎవరూ కొలవలేరు గనుక అది నన్నంతగా బాధించదు. కోవూరు రైతు చదవలేనంత సన్న అక్షరాల్లో పురుగుమందు షరతులను అచ్చువేయడం మాత్రం నా దృష్టిలో దాచడమే.